మసకబారిన ఛాయాపటము

మా యత్తగారికి ఎనుబది యేండ్లు నిండు సందర్భమున, వారు చెప్పిన చిన్ననాటి ముచ్చటలను పాత ఛాయాపటములతో జేర్చి యొక చిన్న పుస్తకము అచ్చొత్తింపవలెనని యింటిల్లిపాదియు దలపెట్టితిమి. వ్రాతపని మా పాలబడినది. మధ్యాహ్నము వంటయిల్లు సర్దుకొన్న పిదప ల్యాపుటాపు ముందఱ గూర్చుండి వర్డులో నలుబది పుటలు సిద్ధపఱచితిమి.

ఆ పటములలో ముఖ్యమైనది అత్తగారి తల్లిగారిది. వెడల్పు రెండంగుళములు, పొడవు మూడు. ఆమెకు వేఱొక పటము లేదు. క్రింది యంచున ఆమె స్వహస్తముతో సన్నని సిరాగీతలతో చేసిన సంతకము కలదు. అత్తగారి చూపు మందగించినది గనుక దానిని నాలుగంగుళముల వెడల్పున నిలిపితిమి.

అంతయు ముగించి పీడీఎఫుగా మార్చి చూపితిమి. వారు కన్నద్దములు సవరించుకొని చాలసేపు చూచి, "ఎవరమ్మాయీ యీవిడ?" అనిరి. మాకు నోట మాట రాలేదు.

తొలుత స్కానరును నిందించితిమి. పిమ్మట అచ్చుకూటమువారిని నిందించితిమి. పాపము, వారింకను ఫైలును చూడనైన లేదు! కళాశాలలో చదువుచున్న మా పెద్దవాడు నవ్వి, "ఏ మెట్టుకడ చెడినదో చూడక యెవరిని తిట్టిన నేమమ్మా?" అనెను. స్కాను, వర్డు ఫైలు, పీడీఎఫు మూడింటిని ప్రక్కప్రక్కన దెఱచి నూటికి 400 వంతులు పెంచి చూచితిమి. స్కానులో కనుబొమల వెండ్రుకలు సైతము తెలియుచుండెను. వర్డులో నప్పుడే మసక. పీడీఎఫులో మఱింత మసక.

దోషము మాదే. ఈ పుస్తకమునకు మేము క్రొత్త ఫైలు తెఱవక, మునుపు ఈమెయిలులో బంపుటకై చిన్నది చేసిన వంటకముల ఫైలునే వాడుకొంటిమి. అందు పటముల కొలత అంగుళమునకు 96 చుక్కలుగా మేమే పెట్టియుంటిమి. ఆ యేర్పాటు ఫైలుతోడనే నిలిచియుండును. స్కానులో అంగుళమునకు 600 చొప్పున వెడల్పున 1200 చుక్కలుండగా, నాలుగంగుళములకు 96 చొప్పున 384 మాత్రమే మిగిలినవి. సంతకము వాని నడుమ గతించినది. పైగా పీడీఎఫు చేయునప్పుడు 'మినిమం సైజు' అనుదానిని నొక్కితిమి. చిన్నదైన చాలునను గృహిణి బుద్ధి!

ఇట్టి పనికి బూనుకొను సోదరీమణుల కుపయోగపడునని దారి వ్రాయుచున్నాము. వర్డులో 'ఫైలు', 'ఆప్షన్సు', 'అడ్వాన్స్‌డు' అను వరుసను బోయి, 'ఇమేజి సైజు అండ్ క్వాలిటీ' కడ 'డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్' అనుదానికి గుర్తు పెట్టవలెను. ఇది పటములు చేర్చుటకు ముందే చేయవలెను. ఒకసారి పోయిన చుక్కలు తిరిగి రావు. కావున మేము పాత పటముల నన్నిటిని దీసివేసి స్కానులనుండి మరల చేర్చితిమి. పీడీఎఫు చేయునప్పుడు 'స్టాండర్డు' నెన్నుకొంటిమి. ఫైలు బరువు పలురెట్లు పెరిగినది, పెరుగనిమ్ము. అచ్చునకు సాధారణముగా అంగుళమునకు 300 చుక్కలు కోరుదురు.

అయినను పెండ్లిపటమొక్కటి మసకగానే యుండెను. అది రాజమహేంద్రవరమునుండి మా యాడుబిడ్డ వాట్సాపులో బంపినది. అందు బొమ్మగా బంపిన పటము దారిలోనే చిక్కిపోవును. 'డాక్యుమెంటు'గా బంపిన యెడల ఉన్నదున్నట్లు చేరును. "మరల పంపుటా, వదినా!" అని యామె విసుగుకొన్నను మరునాడే పంపినది.

రెండవమారు చూపినప్పుడు అత్తగారు పటము ముఖమును మించి సంతకమునే చూచిరి. వ్రేలితో తెరపై నక్షరములు దిద్దుచు, "ఈ లకారపు తోక మా అమ్మదే" అనిరి. కొంతసేపటికి, "ఇంకను కొంచెము పెద్దది చేయరాదా?" అని యడిగిరి. ఆఱంగుళములకు బెంచినచో చుక్కలు అంగుళమునకు 200కు దిగును. కావున ఆ చిన్న పటమును మరల స్కానరుపై నుంచితిమి, ఈ తడవ అంగుళమునకు 1200 చొప్పున.