గాలిని పోగుచేసిన పాట

పరాయి భాషలోని పాట విన్నప్పుడు ముందుగా చెవికి అందేది రాగం. మాట తరువాతి సంగతి. జపాను సంగీతకారుడు హారువోమి హోసోనో పాట మొదటిసారి విన్నప్పుడు మాత్రం మాకు ఇందుకు విరుద్ధంగా జరిగినది. అధ్యాపకుల గదిలో ఒక విద్యార్థి తన ఫోనులో ఆ పాట వినిపించగా, మాకు తెలియకుండానే మా వేళ్లు మాత్రలు లెక్కపెట్టసాగినవి. ఛందస్సు పాఠం చెప్పేవారికి ఇదొక వదలని రోగం.

ఆ పాట పేరు ‘కజె ఒ అత్సుమెతె’. ‘గాలిని పోగుచేసి’ అని అర్థం చెప్పుకోవచ్చును. మొదట మేము ‘త్సు’ను సంయుక్తాక్షరమనుకొని, దాని ముందున్న ‘అ’ను గురువు చేసి, మొత్తం ఎనిమిది మాత్రలన్నాము. పొరపాటు. జపాను వారికి అది ఒకే హల్లు. మనం ‘చుక్క’ అన్నప్పుడు పలికే దంత్య చకారం వంటిదే. కనుక పేరులోని ఏడక్షరాలూ లఘువులే. హైకూ నడిమి పాదం కొలత కూడ ఏడే. దీర్ఘానికి రెండు మాత్రలు. సున్న వంటి ధ్వనికి ఒక మాత్ర. మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తవి. టోక్యో పేరును వారు నాలుగు మాత్రలుగా పలుకుతారు. మన లెక్కా అంతే గదా! అజంత భాష వారికి ఆ పాటలో చుట్టరికం తోచడం వింత కాదు.

ఇంగ్లీషు తీరు వేరు. ‘స్ట్రైక్’ అనే మాట అక్కడ ఒక్క ఊపున ముగుస్తుంది. జపాను నోట అదే ‘సుతొరైకు’ అయి, ఐదు మాత్రలు పడుతుంది. ఇంత తీరికగా నడిచే భాష రాక్ సంగీతపు దరువుకు ఒదుగుతుందా? 1970 ప్రాంతంలో జపానులో దీనిపై పెద్ద వాదమే నడిచినది. రాక్ పాట ప్రపంచానికి చేరవలెనంటే ఇంగ్లీషులోనే పాడవలెనని గాయకుడు యూయా ఉచిదా వంటి వారు పట్టుబట్టినారు. హోసోనో, తకషి మత్సుమొతొ, ఎయిచి ఓతకి, షిగెరు సుజుకి అనే నలుగురు యువకులు మాత్రం ‘హ్యాపీ ఎండ్’ అనే బృందంగా చేరి మాతృభాషలోనే పాడినారు. బృందం పేరు ఇంగ్లీషే! కాని దానిని పరభాషా పదాలకు వాడే కటకానా లిపిలో గాక, ఇంటి మాటలకు వాడే హిరగానాలో వ్రాసుకొన్నారు.

ఈ వాదం మాకు కొత్త కాదు. మాకు ఇంట ఉర్దూ, తరగతిలో తెలుగు. ఎం.ఏ. చదివే రోజులలో తెలుగులో ఒక గజల్ వ్రాసి, ఒక ముషాయిరాలో చదివినాము. పెద్దలొకరు దగ్గరకు పిలిచి, “బాగున్నది బేటా. కాని గజల్‌కు తనదైన జబాన్ ఒకటున్నది” అన్నారు. మరునాడు తెలుగు పెద్దలొకరికి చూపగా, “ఇది మన ఛందస్సు కాదు గదయ్యా” అన్నారు. దాశరథి, సినారె ఏనాడో తెలుగులో గజళ్లు వ్రాసినారని ఇద్దరికీ చెప్పవలసినది. చెప్పలేదు. నోటుపుస్తకం పెట్టెలో పెట్టి, పదేళ్లు తీయలేదు.

హోసోనో బృందం చేసిన పని వేరు. వారు 1971 నవంబరులో ‘కజెమాచి రొమన్’ అనే ఆల్బమును వెలువరించినారు. మేము చెప్పిన పాట అందులోనిదే. మాటలు మత్సుమొతొవి, బాణీ, గొంతు హోసోనోవి. 1964 ఒలింపిక్ క్రీడల కోసం టోక్యో నగరాన్ని పడగొట్టి, తవ్వి, మళ్లీ కట్టినారు. అట్లా మాయమైన చిన్ననాటి వీధులే ఆ ఆల్బమంతటా తిరుగుతుంటవి. ఈ పాటలో ఒకడు ఊరి శివారు సందులో నడుస్తూ, పొగమంచులోనుంచి ట్రాము బండి రావడం చూస్తాడు. గాలిని పోగుచేసుకొని ఆకాశంలోకి ఎగిరిపోవాలనుకొంటాడు. కథ అంతే. ఆ సంవత్సరాలలోనే టోక్యో ట్రాము మార్గాలను ఒక్కొక్కటిగా ఎత్తివేస్తుండిరని తెలిసికొన్న తరువాత, మాకు ఆ మంచు మరింత చిక్కనైనది. గొంతులో ఎక్కడా అరుపు లేదు. అమెరికా గాయకుడు జేమ్స్ టేలర్‌ను విన్న తరువాతనే హోసోనోకు తన మంద్రస్వరం కుదిరినదట. రీతి అక్కడిది, మాట ఇక్కడిది; అతుకు కనబడదు. ప్రతి అచ్చుకూ దాని కాలం దానికిచ్చి, దరువునే నెమ్మదింపజేసినారు.

వారు మన దేశానికీ వచ్చినారు. చిత్రకారుడు తదనోరి యోకోతో కలిసి ఇక్కడ తిరిగి, జబ్బుపడి, లేని హిందీ సినిమాకు సంగీతమన్నట్లుగా 1978లో ‘కొచ్చిన్ మూన్’ వెలువరించినారు. అందులో ఒక రచన పేరు ‘హమ్ ఘర్ సాజన్’. మా ఉర్దూ శాఖ మిత్రులు విని, “ఇందులో క్రియ ఏదండీ?” అని నవ్వినారు. ఆ యంత్రవాద్యాల సందడి మాకంతగా పట్టలేదు.

1973లో హోసోనో, ఒకప్పుడు అమెరికా సైనికులుండిన సయామాలోని ఇంటిలో, ‘హోసోనో హౌస్’ పాటలను రికార్డు చేసినారు. 2019లో, డెబ్బయి ఒక్కేళ్ల వయసున, ఆ పాటలనే దాదాపు ఒంటరిగా మళ్లీ చేసి, వరుసను తిరగవేసి, చివరి పాటను మొదట పెట్టినారు. ఇది తెలిసిన వారంలోనే మేము పెట్టె తెరిచినాము. ఆనాటి గజల్‌లో మూడవ షేర్ రెండవ పాదాన ఒక మాత్ర ఎక్కువున్నది. ఆ సంగతి ఆ పెద్దలిద్దరిలో ఎవరూ చెప్పలేదు.