రెండు నిబంధనలు, ఒక కలెక్టరు: తణుకు నుంచి మార్టేరు దాకా

కొత్త రసాయనాన్ని గానీ, కొత్తగా తయారుచేసిన జీవిని గానీ జనం మధ్యకు వదిలేముందు ప్రభుత్వం తేల్చుకోవలసినవి రెండు. దానిలో హాని చేసే గుణం ఎంత? ఆ హాని మనిషికి, పశువుకు, నీటికి, నేలకు తగిలే అవకాశం ఎంత? మొదటిది వస్తువు స్వభావం. రెండోది అది ఎక్కడ ఉంది, ఎంత ఉంది, ఎవరి చేతిలో ఉంది అన్నదాన్ని బట్టి మారుతుంది. రెండూ కలిస్తేనే ప్రమాద అంచనా పూర్తవుతుంది. మొదటిది చాలావరకు ప్రయోగశాలలోనే తెలుస్తుంది. రెండోది తెలియాలంటే ఊళ్ళోకి, పొలంలోకి, కాలువ గట్టు మీదికి రావాలి.

మన దేశంలో ఈ పనికి పునాది భోపాల్ విషాదం తరువాత పడింది. 1984 డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు వెలువడింది. దాని పర్యవసానంగా 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద 1989 నవంబరు 27న ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతుల మీద నిబంధనలు వెలువడ్డాయి. మరో ఎనిమిది రోజులకు, డిసెంబరు 5న, ప్రమాదకర సూక్ష్మజీవులు, జన్యుమార్పిడి జీవుల మీద నిబంధనలు వచ్చాయి. ఈ రెండూ జిల్లాకు దిగేసరికి కలెక్టరు దగ్గర కలుసుకుంటాయి.

రెండింటినీ ఒకే పూటలో చూడగలిగిన చోట్లు తక్కువ. పశ్చిమ గోదావరి జిల్లా తణుకు అలాంటి చోటు. ఊళ్ళో రాకెట్ ఇంధనం తయారవుతుంది. అక్కడి నుంచి పెనుగొండ మీదుగా వెళితే మార్టేరు వరి పరిశోధన స్థానం వస్తుంది. అక్కడ పుట్టిన వంగడమే దేశం ప్రకటించిన తొలి జన్యుసవరణ వరుల్లో ఒకదానికి మూలం. సార్వా చేలు పూత మీద ఉన్న రోజుల్లో నేను ఈ దారిన వెళ్ళాను.

తణుకులో ఆంధ్రా షుగర్స్‌ను ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ 1947లో స్థాపించారు. చెరకు పంచదారతో మొదలైన సంస్థ ఆస్పిరిన్ దాకా, ఆ తరువాత ఇస్రోకు కావలసిన ద్రవ ఇంధనం దాకా వచ్చింది. అన్‌సిమెట్రికల్ డైమిథైల్ హైడ్రజీన్ అనే ఈ ద్రవానికి హైడ్రజీన్ హైడ్రేట్ కలిపితే పీఎస్‌ఎల్‌వీ రెండో దశలోని వికాస్ ఇంజన్‌కు ఇంధనం అవుతుంది. నైట్రోజన్ టెట్రాక్సైడ్ తగిలిన క్షణంలో, నిప్పురవ్వ అక్కర లేకుండానే, అంటుకోవడం దాని గుణం. రాకెట్‌కు కావలసింది ఆ గుణమే. ఒంటికి తగిలినా, ఆవిరి పీల్చినా విషం కావడం అదే ద్రవానికి ఉన్న రెండో గుణం.

ఇలాంటి రసాయనాలకు నిబంధనల్లో జాబితాలు, పరిమాణపు హద్దులు ఉన్నాయి. క్లోరిన్‌కు కింది హద్దు 10 టన్నులు, పై హద్దు 25 టన్నులు. అమ్మోనియాకు 60, 600 టన్నులు. హద్దు దాటిన చోట యాజమాన్యం ముందుగా తెలియజేయాలి, కర్మాగారం లోపలి అత్యవసర ప్రణాళిక రాసుకోవాలి. పై హద్దు కూడా దాటితే భద్రతా నివేదిక ఇవ్వాలి. గోడ బయటి ప్రణాళిక బాధ్యత జిల్లా యంత్రాంగానిది. హద్దులు లేకుండా ఏ చట్టమూ నడవదు. కానీ డెల్టాలో అమ్మోనియా ఎక్కువగా ఉండేది ఐసు ఫ్యాక్టరీల్లో, భీమవరం చుట్టుపక్కల రొయ్యల శుద్ధి కేంద్రాల్లో. ఒక్కో చోట ఉండేది 60 టన్నులకు ఎంతో తక్కువ. పక్కనే ఇళ్ళు ఉంటాయి. పరిమాణాన్ని కొలిచే నిబంధన ఆ దగ్గరతనాన్ని కొలవదు.

పెద్ద కర్మాగారం ప్రహరీ లోపల ఏముందో దారిన పోయేవాడికి కనపడదు. కనపడవలసిన అవసరమూ లేదు. అతనికి అందవలసినది వేరే ఉంది. రసాయన నిబంధనల్లో 15వది ప్రకారం, ప్రమాదం జరిగితే దెబ్బతినే అవకాశం ఉన్న ఊరివాళ్ళకు ఆ ప్రమాదం ఎలాంటిదో, అప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో ముందే చెప్పాలి. 1996లో వచ్చిన రసాయన ప్రమాదాల నిబంధనలు జిల్లాకో సంక్షోభ బృందాన్ని పెట్టి, 45 రోజులకోసారి కూర్చోవాలన్నాయి. మొత్తం రసాయన చట్టాల్లో మామూలు మనిషికి నేరుగా పనికొచ్చే వాక్యాలు ఇవే అని నా నమ్మకం. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్ముకుని 12 మంది చనిపోయినప్పుడు, తెల్లవారుజామున ఎటు పరుగెత్తాలో తెలియక జనం రోడ్ల మీదే కూలిపోయారు. స్టైరీన్ కొత్త రసాయనం కాదు, దాని గుణం ఎప్పుడో పుస్తకాలకెక్కింది. ఆ గుణం గురించి ఊరికి చెప్పినవాళ్ళు లేకపోయారు.

అసలు కొత్తదైన రసాయనం మాటేమిటి? అమెరికాలో 1976 నాటి విషపదార్థాల నియంత్రణ చట్టం ప్రకారం కొత్త రసాయనం తయారుచేయబోయేవారు 90 రోజుల ముందు పర్యావరణ సంస్థకు తెలపాలి. జన్యువులు మార్చిన కొన్ని సూక్ష్మజీవులూ ఆ చట్టం కిందికే వస్తాయి. ఐరోపాలో 2007 నుంచి అమల్లో ఉన్న రీచ్ నిబంధన ఏడాదికి టన్ను దాటిన ప్రతి రసాయనానికీ నమోదు కోరుతుంది. మన దగ్గర అలాంటి సమగ్ర చట్టం కోసం 2020లో ముసాయిదా తయారైంది గానీ అమలులోకి రాలేదు. ఒక రంగంలో మాత్రం ముందస్తు పరీక్ష ఎప్పటినుంచో ఉంది. అది పురుగుమందులది.

1958లో కేరళలో పారాథియాన్ కలిసిన గోధుమపిండి తిని వంద మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత 1968లో క్రిమిసంహారక మందుల చట్టం వచ్చింది. డెల్టాలో ఏ ఎరువుల కొట్టులోనైనా ఆ చట్టాన్ని చేతిలోకి తీసుకుని చూడవచ్చు. డబ్బా మీద మూల కిందికి తిప్పిన చతురస్రం, దాని కింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపు అంటే అత్యంత విషం. ఆ తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పరీక్షకు పెట్టిన జంతువుల్లో సగం చావడానికి, వాటి బరువులో కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు కావాలి అన్నదే ఆ రంగును నిర్ణయిస్తుంది. నోటి ద్వారా 50 మిల్లీగ్రాముల లోపే సరిపోతే ఎరుపు, 5,000 దాటితే ఆకుపచ్చ. లోపల మడతపెట్టిన కాగితం తెలుగులోనూ ఉండాలి. దాని అక్షరాలు ఎంత సన్నగా ఉంటాయంటే, చత్వారం వచ్చిన రైతు చదవలేడు. ట్రైకోడెర్మా, బవేరియా లాంటి జీవ శిలీంద్రాలకూ ఇదే చట్టం కింద నమోదు కావాలి. ఒక్కో మందునూ విడిగా పరీక్షిస్తారు. పొలంలో మాత్రం రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టడం మామూలు. ఆ కలయికకు ఏ డబ్బా మీదా రంగు లేదు.

మార్టేరులో 1925లో మొదలైన వరి పరిశోధన స్థానం ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉంది. వంగడాల పేర్లలో కనిపించే ఎం.టి.యు. ఈ ఊరి గుర్తే. ఎం.టి.యు. 7029, అంటే స్వర్ణ, ఇక్కడి నుంచి బెంగాలు, ఒడిశా, బంగ్లాదేశ్ దాకా వెళ్ళింది. విజేత, శ్రీధృతి ఇక్కడివే. కృష్ణవేణిని ఐ.ఆర్. 64తో సంకరం చేసి తీసిన ఎం.టి.యు. 1010, కాటన్‌దొర సన్నాలు, 120 రోజుల్లో చేతికొచ్చే పంట.

పాత పద్ధతిలో కొత్త వంగడం ఎలా పుడుతుందో పూత సమయంలో ఇక్కడ చూడాలి. సాయంత్రం పూట ఆడ మొక్కగా ఎంచుకున్న వరి కంకిలో ఒక్కో గింజ పొట్టు కొసను కత్తెరతో కత్తిరిస్తారు. లోపలి ఆరు పుప్పొడి తిత్తులనూ సన్నని పట్టకారుతో ఒక్కటీ మిగలకుండా తీసేస్తారు. ఒక్కటి మిగిలినా ఆ గింజ తల్లి పోలికే. కంకికి పల్చని కాగితపు సంచి తొడిగి చీటీ కడతారు. మరునాడు పొద్దెక్కాక, పూలు విచ్చుకునే వేళ, తండ్రి కంకిని తెచ్చి సంచిలో దులుపుతారు. వరి పుప్పొడి ఆయుష్షు కొద్ది నిమిషాలే. చీటీ మీద తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. అక్కడి నుంచి తరం తరానికీ ఏరుకుంటూ వంగడం నిలబడే సరికి ఏళ్ళు పడుతుంది. ఈ పద్ధతిలో వచ్చిన విత్తనానికి జీవభద్రత పరీక్ష ఏదీ లేదు. గామా కిరణాలతో జన్యువులను ఇష్టమొచ్చినట్టు మార్చి తీసిన వంగడాలకు కూడా లేదు.

జన్యుమార్పిడి పంటకు మాత్రం మెట్లు చాలా ఉన్నాయి. మొదట సంస్థలోని జీవభద్రత కమిటీ, తరువాత బయోటెక్నాలజీ శాఖ దగ్గరి సమీక్షా కమిటీ, చివర పర్యావరణ శాఖలోని జన్యు ఇంజనీరింగ్ మదింపు కమిటీ చూడాలి. 2002లో బీటీ పత్తి ఈ మెట్లన్నీ ఎక్కి వచ్చింది. బీటీ వంకాయకు 2009 అక్టోబరులో ఈ చివరి కమిటీ సరే అన్నా, హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో ప్రజాభిప్రాయం విన్నాక, 2010 ఫిబ్రవరి 9న మంత్రి జైరాం రమేష్ దాన్ని ఆపేశారు. 2022 మార్చి 30న పర్యావరణ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. బయటి జీవి డీఎన్ఏ మిగలకుండా, మొక్క సొంత జన్యువునే కత్తిరించి సవరించిన పంటలకు 1989 జీవ నిబంధనల్లోని 7 నుంచి 11 దాకా ఉన్న అనుమతుల భాగం వర్తించదని దాని సారాంశం. ఐరోపా న్యాయస్థానం 2018లో ఇలాంటి మొక్కలనూ జన్యుమార్పిడి జీవులుగానే చూడాలని చెప్పింది. మన దారి వేరైంది.

ఆ దారిలో వచ్చినవే 2025 మే 4న ఢిల్లీలో ప్రకటించిన రెండు వరులు. సాంబ మసూరి నుంచి హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ తీసిన కమల ఒకటి. కాటన్‌దొర సన్నాల నుంచి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తీసిన పూసా డీఎస్‌టీ రైస్ 1 రెండోది. ఈ రెండోదాని కోసం, ఆకు మీది రంధ్రాల సంఖ్యను శాసించే జన్యువులో 366 అక్షరాల ముక్కను క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో తీసేశారు. ఆకు వెడల్పయింది, రంధ్రాలు తగ్గాయి, మొక్క నీటిని పట్టి ఉంచుకుని కరువునూ ఉప్పునూ ఓర్చుకుంటుందన్నారు. లోపలికి పంపిన కత్తెర జన్యువు మిగలని మొక్కలను, చేలో కేళీలు ఏరినంత శ్రద్ధగా, తరువాతి తరాల్లో వేరుచేశారు. ఉప్పు, చౌడు నేలల్లో మాతృ వంగడం కన్నా 9.66 నుంచి 30.4 శాతం దాకా ఎక్కువ దిగుబడి అని భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రకటించింది. క్షేత్ర పరీక్షల అంకెలు అంతగా చెప్పడం లేదని జన్యుమార్పిడి పంటల వ్యతిరేకులు అన్నారు, మండలి ఒప్పుకోలేదు.

దిగుబడి వాదన ఎటు తేలినా, అది భద్రత ప్రశ్నకు జవాబు కాదు. మినహాయింపుకు అసలు పరీక్ష, బయటి డీఎన్ఏ మిగిలిందా లేదా అన్నది. దాన్ని మొదట ధ్రువీకరించేది మొక్కను తయారుచేసిన సంస్థలోని కమిటీయే. అందులో బయోటెక్నాలజీ శాఖ ప్రతినిధి ఉంటారు, సమీక్షా కమిటీ కూడా చూస్తుంది. ఈ వరులకు 2023 మే 31న ఆ సమీక్షా కమిటీ ఆమోదం వచ్చింది. సంకరంతో, కిరణాలతో వచ్చే మార్పుల కన్నా ఇది చిన్న మార్పు, కచ్చితమైన మార్పు అన్న సమర్థకుల మాట సబబైనదే. అయితే నరసాపురం, మొగల్తూరు వైపు ఉప్పునీరు ఎక్కే చేలకు వేరే ప్రశ్న ఉంది. ఉప్పును ఓర్చుకునే గుణం పుప్పొడి వెంట గట్టు మీది అడవి వరికో, చేలో కలుపుగా మొలిచే వరికో చేరితే ఏమవుతుంది? వరి ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది, బయటి పుప్పొడి చొరబడేది సాధారణంగా నూటికి ఒకటి కన్నా తక్కువ. కానీ ఊడ్పులు మానేసి విత్తనం వెదజల్లే చోట కలుపు వరి ఇప్పటికే తలనొప్పి. మొక్కలోకి ఏం వచ్చిందని అడిగే పరీక్ష, ఆ మొక్క చేలో ఏం చేస్తుందని అడగదు. మాతృ వంగడం సొంత నేల అయిన ఈ డెల్టాలోనే అది ముందుగా అడగవలసిన ప్రశ్న.

అడగడానికి చోటు 1989లోనే రాసిపెట్టి ఉంది. జీవ నిబంధనల్లో 4వది అవసరమైన జిల్లాల్లో ఒక కమిటీ ఉండాలంది. కలెక్టరు అధ్యక్షుడు. కర్మాగారాల ఇన్‌స్పెక్టరు, కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి, జిల్లా వైద్యాధికారి, జిల్లా వ్యవసాయాధికారి సభ్యులు. తనిఖీ చేసి, ప్రమాదానికి దారితీసేవి గుర్తించి, రాష్ట్ర కమిటీకి నివేదిక పంపడం దాని పని. తణుకు రసాయనాల గోడ బయటి ప్రణాళిక చూసే కలెక్టరే దీనికీ పెద్ద. 2022 ఏప్రిల్ నుంచి ఆ కార్యాలయం భీమవరంలో, రొయ్యల చెరువుల నడుమ ఉంది. అనుమతుల భాగం వర్తించని వరి విత్తనం మీద ఈ కమిటీకి ఏ కాగితమూ వచ్చే పద్ధతి లేదు. ఏ మండలంలో, ఏ సర్వే నంబరులో మొదట వేశారో, పక్క చేలో కలుపు వరి ఉందో లేదో వ్యవసాయాధికారి ఒక రిజిస్టరులో రాసి ఏటా కమిటీ ముందు పెట్టేలా ఒక ఉత్తర్వు చాలు. ఆ రిజిస్టరు తెరవవలసింది విత్తనం డెల్టాలో తొలి సార్వాకు దిగకముందే.