రెండు నిమిషాల భయం

దయ్యం సినిమా అనగానే మనలో చాలామందికి జ్ఞాపకం వచ్చేవి మూడు: తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, దూరం నుంచి గజ్జెల చప్పుడు. ఈ మూడూ సమకూరితే చాలు, జనం జడుసుకుంటారని మన సినిమావాళ్ళలో కొందరికి గట్టి నమ్మకం. చూసేవాళ్ళకు మాత్రం ఆ నమ్మకం ఎప్పుడో సడలిపోయింది. గజ్జెలు మోగగానే హాల్లో ముందు వరసలవాళ్ళు ఈలలు వేస్తారు! భయపెట్టడం అంత తేలిక కాదనీ, అందుకు లెక్కలూ కొలతలూ బోలెడు కాగితాలూ కావాలనీ ఈ సంవత్సరం మా బృందానికి బాగా బోధపడింది. ఆ సంగతులు సావనీరు పాఠకులతో పంచుకుందామనే ఈ నాలుగు మాటలు.

మన విద్యార్థి సంఘం వారు ఈసారి సాంస్కృతిక పోటీలలో ఒక కొత్త అంశం చేర్చారు. పూర్తి సినిమా కాదు, సినిమా ప్రారంభం మాత్రమే తీయాలి. నిడివి రెండు నిమిషాలు. చీటీ తీస్తే మా వంతుకు 'భయానకం' వచ్చింది. మేం బి.యస్సీ. వాళ్ళం నలుగురం, మాటలు రాయడానికి బి.ఏ. తెలుగు నుంచి ఒక మిత్రుణ్ణి అప్పు తెచ్చుకున్నాం. తీరా చూస్తే మా సినిమాలో మాటలే లేవు. పాపం, ఆయనకు లెక్కల పుస్తకం అప్పగించాం.

"రెండు నిమిషాలే కదా, ఓ సాయంత్రం తీసేద్దాం" అన్నారు మొదట అందరూ. కాగితం మీద పెట్టి చూస్తే సెకనుకు 25 ఫ్రేముల చొప్పున మూడు వేల బొమ్మలు! సినిమాకు 24 కదా, మీకు 25 ఎందుకని అడగవచ్చు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతుంది. కొన్ని రకాల బల్బులు దానితోపాటు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గాని కెమెరాకు తెలుస్తుంది. 25 ఫ్రేములు, సెకనులో యాభయ్యో వంతు షట్టరు పెట్టుకుంటే ఆ మినుకు పట్టుబడదు. ఫిజిక్సు చదివినందుకు ఈపాటి ప్రయోజనమైనా కలిగింది.

పెద్దలు ఎలా చేశారో చూద్దామని వారం రోజులు పాత సినిమాలు చూశాం. హిచ్‌కాక్ 'సైకో' (1960)లో స్నానాలగది హత్య తెరమీద ముప్పావు నిమిషం. దాన్ని తీయడానికి వారం రోజులు పట్టింది. బొమ్మలన్నీ ముందే కాగితం మీద గీసుకున్నారు. స్పీల్‌బర్గ్ 'జాస్' (1975)లో మరబొమ్మ సొరచేప సముద్రపు నీళ్ళలో మాటిమాటికీ మొరాయించింది. అది కనపడకుండానే చాలాభాగం నడిపారు. కనపడనందువల్లనే మనం వణుకుతాం. కార్పెంటర్ 'హాలోవీన్' (1978) మొదలులో మనం హంతకుడి కళ్ళతోనే ఇల్లంతా తిరుగుతాం. చివరకు ముసుగు తీస్తే వాడు ఆరేళ్ళ పిల్లవాడు! మన తెలుగులో రామ్ గోపాల్ వర్మ 'రాత్రి' (1992) కూడా చూశాం. ఇవన్నీ చూశాక మాకు తేలిందొకటే. ప్రారంభం పని భయపెట్టడం కాదు, ఒక ప్రశ్న వేసి కూచోబెట్టడం.

ఆ ప్రశ్న ఏదన్న దగ్గర రెండు వారాలు వాదులాడుకున్నాం. కెమెరా మిత్రుడు పాడుబడ్డ హాస్టలు గది అన్నాడు. బాటనీ మిత్రురాలు శ్మశానంలో చింతచెట్టు అంది. నా వంతు వచ్చినప్పుడు మా బాయి సంగతి చెప్పాను.

మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. మూడెకరాల భూమి, ఒక బాయి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలైంది. అంతకుముందు వంతులవారీ కరెంటు. పగలు కొంతసేపు, రాత్రి కొంతసేపు. అర్ధరాత్రి వచ్చినా, తెల్లవారుజామున వచ్చినా మడి తడవాలంటే లేవాల్సిందే. ఇరుగుపొరుగు పొలాలవాళ్ళు చాలామంది ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే వాళ్ళ మోటార్లు తమంతట తామే తిరిగేవి. మా నాన్న పెట్టలేదు. బాయిలో నీళ్ళైపోయినా అది తిరుగుతూనే వుంటుందనీ, మోటరు కాలిపోతుందనీ ఆయన భయం. కనుక నాన్నే గొంగడి కప్పుకొని, టార్చి పట్టుకొని బయలుదేరేవాడు.

నాన్న వెళ్ళాక అమ్మ పడుకునేది కాదు. మంచం మీద కూచుని చెవులు రిక్కించి వినేది. ముందు చుట్టుపక్కల మోటార్ల రొద. కాసేపటికి, నాన్న బాయి దగ్గరకు చేరాక, మా మోటరు చప్పుడు. బేరింగు అరిగిపోయి అది సన్నగా ఈల వేసినట్టుండేది. ఆ ఈల వినిపిస్తే నాన్న క్షేమంగా చేరాడని అర్థం. అప్పుడు అమ్మ పడుకునేది. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. నిద్ర నటిస్తూ నేనూ వినేదాన్ని.

ఇది చెప్పగానే గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కథ దానంతటదే కుదిరింది. చీకటి ఇల్లు. ఒక్కసారిగా బల్బు వెలుగుతుంది. అతను లేస్తాడు, వెళతాడు. ఆమె వింటూ కూచుంటుంది. ఈల మొదలవుతుంది. ఆమె నడుం వాలుస్తుంది. ఈల ఆగిపోతుంది. అంతే, పేర్లు పడతాయి.

"ఫోను చేయొచ్చుగా?" అన్నాడు లెక్కల మిత్రుడు. దానికీ జవాబు మా ఇంట్లోనే వుంది. కరెంటు వచ్చిందంటే ముందు ఫోను చార్జింగుకు పెట్టేవాళ్ళు. నాన్న ఫోను ఇంట్లోనే, గోడకు వేలాడుతూ వుండేది. అది మా జాబితాలో తొమ్మిదో షాటు అయింది.

చివరి షాటు దగ్గర కెమెరా మిత్రుడికి ఒక ఆలోచన వచ్చింది. మోటరు ఆగాక ఆమె తలెత్తి చూస్తే బల్బు వెలుగుతూనే వుంటుంది. కరెంటు వుంది, మరి మోటరు ఎందుకు ఆగింది? అందరం భేష్ అన్నాం. స్థలం చూడటానికి మా వూరు వెళ్ళినప్పుడు ఇదంతా నాన్నకు చెప్పాం. ఆయన చుట్ట పక్కన పెట్టి నవ్వాడు.

"ఇంట్ల లైటు వెల్గినంత మాత్రాన మోటరుకు కరెంటున్నట్టా బిడ్డా? లైటుకు ఒక్క ఫేజు సాలు. మోటరుకు మూడు గావాలె. మా సినిమా జూసే రైతు ఎవడైనా ఉంటే, ఫేజు పోయిందనుకొని మళ్ళ పండుకుంటడు."

"మరి ఆమెకెట్ల తెలుస్తది నాయినా?"

"పక్క మోటార్లు మోగుతున్నయా లేదా? అవి మోగంగ మనదొక్కటే ఆగితే, గప్పుడు మీ అమ్మ చెప్పులేసుకునేది."

మా చివరి షాటును నాన్న అలా మార్చాడు. ఇప్పుడు దాన్లో బల్బు లేదు. చుట్టూ మోటార్ల రొద, అందులోంచి ఒక ఈల తెగిపోవడం, గడప దగ్గర ఒక జత చెప్పులు.

ఇక అసలు వాదం ఇక్కడినుంచే మొదలు. దయ్యం ఎవరు? స్టార్టరు దగ్గర షాకు కొట్టి చనిపోయిన రైతు దయ్యమైతే ఎలా వుంటుందని ఒకరన్నారు. కథాపరంగా బాగానే వుంది. కాని మా వాడకట్టులో నాకు వరసకు కాక అయ్యేవాడు అలాగే పోయాడు. ఇనుప డబ్బాకు ఎర్తు లేదు, కాళ్ళ కింద బురద. తడిసిన చర్మానికి నిరోధం ఎంత తగ్గుతుందో మేం లాబులో నేర్చుకుంటాం. ఆయనకది ఎవరూ చెప్పలేదు. ఆయన భార్య, కొడుకు ఆ వూళ్ళోనే వున్నారు. రేపు ఆ సినిమాను ఫోన్లో ఎవరో వాళ్ళకు చూపిస్తారు. ఇంటాయనను దయ్యం చేసి చూపించడానికి నేను ఒప్పుకోనన్నాను. "కళలో అంత పట్టింపు వుంటే ఎలా?" అన్నారు. "పట్టింపు కాదు, పక్కిల్లు" అన్నాను. ఓటింగు పెట్టారు. మూడు రెండుగా దయ్యం ఓడిపోయింది.

అమ్మకు ఇది తెలిసి, "దయ్యం లేకున్నా ఊరోళ్ళు ఆయన కతే అనుకుంటరు. మీ చిన్నమ్మకు ఒక మాట జెప్పి తియ్యుండ్రి" అంది. నేనూ బాటనీ మిత్రురాలూ వెళ్ళి చెప్పాం. చిన్నమ్మ చేటలో కందులు చెరుగుతూ మొత్తం విన్నది. తియ్యొద్దని అనలేదు. ఒక్కటే అడిగింది.

"గా సినిమాల ఆయన ఇంటికొస్తడా?"

మా దగ్గర జవాబు లేదు. మేం తీసేది మొదటి రెండు నిమిషాలే. మూడో నిమిషం గురించి మేమెవ్వరం అనుకోలేదు. పోటీ నిబంధనల ప్రకారం అనుకోనక్కరలేదు కూడా. అయినా ఆ రాత్రి మా ఇంటి అరుగు మీద అయిదుగురం కూచుని మిగతా కథ రాశాం. ఆమె చెప్పులు వేసుకొని, కందిలి పట్టుకొని పొలానికి వెళుతుంది. దారిలో ఏమేం జరగాలో అవన్నీ జరుగుతాయి, భయానకం అన్నాక తప్పదు. తెల్లవారేసరికి ఇద్దరూ ఇంటికి వస్తారు. ఆ పేజీలు ఎవరూ తీయరు, ఎవరూ చూడరు. కాని అవి రాశాక మా రెండు నిమిషాలలో కొన్ని మారాయి. ఆమె పాత్ర వేసే జువాలజీ అమ్మాయికి, చివరి షాటులో ఏడవవద్దని, లేచి వెళ్ళబోయే మనిషిలా వుండమని చెప్పాం. మర్నాడు వెళ్ళి చిన్నమ్మకు జవాబు చెప్పాను. "మంచిది" అని మళ్ళీ చేట అందుకుంది.

ఇక సాంకేతిక వివరాలు, వచ్చే ఏటి మిత్రులకు పనికి వస్తాయని రాస్తున్నాను. మొత్తం షాట్లు 17. ప్రాక్టికల్ రికార్డు కాగితాల మీద ఒక్కొక్కటి గీసి, పక్కన సెకన్లు వేశాం. బడ్జెటు 2,300 రూపాయలు. అందులో సగం బస్సు చార్జీలే. కెమెరా అంటే ఫోనే. మూడుకాళ్ళ స్టాండు అద్దెకు తెచ్చాం. రాత్రి దృశ్యాలు రాత్రి తీయడం లేదు. పొద్దు గుంకిన తర్వాత ఆకాశం ముదురు నీలంగా వుండే ఇరవై నిమిషాలలో తీస్తాం. మసక వెలుతురులో మన కంటికి ఎరుపు త్వరగా నల్లబడి, నీలం నిలుస్తుంది. దీన్ని పుర్కింజే అనే శాస్త్రజ్ఞుడి పేరుతో చెబుతారు. కాబట్టి నీలం వెలుగును మనసు రాత్రిగానే ఒప్పుకుంటుంది. రోజుకు ఇరవై నిమిషాలే గనుక నాలుగు సాయంత్రాలు కావాలి.

చప్పుళ్ళ జాబితా బొమ్మల జాబితా కంటె పొడవు. పగలు వినపడని మోటరు రాత్రి రెండు ఫర్లాంగుల దూరం ఎలా వినపడేదని నాకు చిన్నప్పటినుంచీ సందేహం. రాత్రి నేల చల్లబడి దానికి ఆనుకున్న గాలి పైగాలి కంటె చల్లగా వుంటుంది. చల్లగాలిలో శబ్దవేగం తక్కువ. అందువల్ల పైకి పోవలసిన శబ్దం కిందికి వంగి మన చెవిన పడుతుంది. అమ్మకు ఈ సూత్రం చెబితే, "అందుకేనా పగలు నిమ్మళంగుండేది" అంది. పాత మోటరు ఇప్పుడు లేదు. నాన్న పగలే బోరు మోటరు వేసుకుంటున్నాడు, అది భూమి లోపల వుండి చప్పుడే చేయదు. మండల కేంద్రంలో మోటార్ల వైండింగు షాపులో అరిగిన బేరింగుల కుప్ప వుంది. అక్కడ నాలుగు మోటార్లు తిప్పించి విన్నాం. నాలుగోదానికి అమ్మ తల వూపింది. గాలి తగలకుండా ఫోనుకు గొంగడి ముక్క చుట్టి దాన్నే రికార్డు చేసుకున్నాం.

జాగ్రత్తలకు ఒక కాగితం ప్రత్యేకం. స్టార్టరు డబ్బా పాత సామాన్ల దుకాణంలో కొన్న ఖాళీ డబ్బా. దానికి ఏ తీగా తగిలించం. అసలు మోటరుకు ఫ్యూజులు పీకి నాన్న జేబులో వుంటాయి. తెరమీద హవాయి చెప్పులు, తెర వెనక అందరికీ బూట్లు. బాయి గట్టుకు తాడు కడతాం. ఇద్దరు టార్చీలతో గడ్డి చూస్తూ వుంటారు, పాముల కోసం.

అతని పాత్రకు ఎవరూ దొరక్క నాన్ననే అడిగాం. వీపు మాత్రమే కనపడుతుందని చెప్పాం. "గీ వేషం నేను పదేండ్లు ఏసిన్నే, చూసినోళ్ళే లేకుండె" అన్నాడు.

ఈ సావనీరు అచ్చయ్యే నాటికి మా చిత్రీకరణ ఇంకా మొదలుకాదు. ప్రదర్శన రోజున అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు అందరూ తప్పక రావాలని మా బృందం తరఫున మనవి. దయ్యాన్ని చూడాలని వచ్చేవారు నిరాశపడవచ్చు. మిగతావారు హాల్లో ఫ్యాన్లు ఆపించి, కొంచెం చెవులు పెట్టి వినండి. మోటార్లు చాలా వినిపిస్తాయి. వాటిలో మాది ఏదో పోల్చుకోగలరేమో చూడండి.