కళ్లం మీద కనిపించని వెలుగు

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మధ్యాహ్నం రెండు గంటలు. గుంటూరు జిల్లా ప్రత్తిపాడు అవతల కళ్లంలో అప్పుడు రాత్రి ఒంటిగంటన్నర. ఆఫీసులో అన్నం డబ్బా మూసి అతను ఫోన్‌లో ఆ కళ్లం కెమెరా తెరిచాడు. తెర మీద అరెకరం మేర తెల్లగా పరుచుకుని ఉంది. మొదటి రోజు చూసినప్పుడు పత్తి అనుకున్నాడు. కానీ నాన్న ఈ ఏడు పత్తి వేయలేదు. అది మిరపకాయ. తేజ రకం, పగలు చూస్తే కళ్లు చెదిరేంత ఎరుపు.

ఎర్రటి కాయ రాత్రికి పత్తిలా ఎందుకు తెల్లబడిందో తెలుసుకోవడానికి అతనికి రెండు రోజులు పట్టింది. కెమెరాలోని సిలికాన్ సెన్సర్ మన కంటికి ఆనని పరారుణ కాంతిని కూడా పట్టుకుంటుంది. పగటిపూట రంగులు చెడిపోకుండా దాని ముందు ఒక వడపోత అద్దం అడ్డుగా ఉంటుంది. పొద్దు గూకగానే టిక్కుమని ఆ అద్దం పక్కకు తప్పుకుంటుంది, చుట్టూ ఉన్న చిన్న దీపాలు వెలుగుతాయి. ఆ వెలుగు 850 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. మనిషి చూపు దాదాపు 700 దాటాక మసకబారిపోతుంది కాబట్టి, దగ్గరికెళ్లి చూస్తే దీపాలు నిప్పు కణికల్లా కాస్త ఎర్రగా అనిపిస్తాయే తప్ప కళ్లం మీద వెలుగు పడుతున్నట్టే తెలియదు. మిరపకాయకు ఎరుపునిచ్చే పదార్థం నీలాన్నీ ఆకుపచ్చనూ మింగుతుంది కానీ పరారుణం జోలికి పోదు. కాయ మీద పడిన ఆ కాంతి చాలావరకు తిరిగొచ్చేస్తుంది. అందుకే ఆ తెలుపు. చెట్ల ఆకులూ ఇలాగే మెరుస్తాయి. 1910లో రాబర్ట్ వుడ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పరారుణ కాంతిలో ఫోటోలు తీసి, మంచు కప్పినట్టున్న చెట్లను లోకానికి చూపించాడు.

కెమెరా పెట్టమని నాన్న అడగలేదు. కోసిన కాయ కళ్లంలో పది పదిహేను రోజులు ఎండాలి. మంచు ఎక్కువ పడేలా ఉంటే సాయంత్రమయ్యేసరికి కుప్పచేసి పట్ట కప్పాలి, పొద్దున మళ్లీ పరవాలి. ఆ రోజులన్నీ రైతు అక్కడే పడుకుంటాడు. రెండు టిక్కీలు, అంటే బస్తాలు, మాయమైతే ఎరువుల అప్పులో కొంత తీరకుండా మిగిలిపోతుంది. 2023లో క్వింటాలు 20 వేలు దాటి పలికిన కాయకు, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం కింద 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ధర ఉన్న ఏడు దొంగల భయం, లేని ఏడు ఒక్క కాయ కూడా పోకూడదన్న తాపత్రయం. డెబ్బై దాటిన మనిషి నులక మంచం మీద చలికి ముడుచుకుని పడుకుంటాడనే బెంగతో కొడుకు సోలార్ ప్యానెల్, 4జీ సిమ్ ఉన్న కెమెరా ఒకటి కొని పంపాడు. పక్కింటి కుర్రాడు దాన్ని వేప చెట్టుకు బిగించాడు.

మొదటి వారమంతా ఫోన్ మోగుతూనే ఉంది. పురుగులు లెన్సు ముందు ఎగిరితే తెల్లటి బంతులు దూసుకుపోయినట్టు కనిపించేది. ఒక సాలీడు లెన్సుకు అడ్డంగా గూడు కట్టింది, గాలికి అది ఊగిన ప్రతిసారీ హెచ్చరిక. మంచు దట్టంగా పట్టిన తెల్లవారుజామున దీపాల వెలుగు ఆ తుంపర మీదే పడి వెనక్కి కొట్టడంతో తెర మొత్తం సున్నం కొట్టిన గోడలా మారిపోయేది. కుక్క వస్తే ముందు రెండు కళ్లు వెలిగేవి, ఆ తర్వాత కుక్క కనిపించేది. ఇలాంటి కెమెరా కొనేవాళ్లకు పనికొచ్చే మాట ఒకటుంది: కెమెరాలోని దీపాలు ఆపి, విడి దీపాన్ని నాలుగడుగులు ఎడంగా వేరే కొమ్మకు కడితే పురుగుల గోల తగ్గుతుంది. 940 నానోమీటర్ల దీపమైతే ఎర్ర కణిక కూడా కనపడదు కానీ చూపు అంత దూరం ఆనదు.

నాన్న మాత్రం మంచం వదల్లేదు. "అది చూస్తదేమో గానీ కాయ ఎండిందో లేదో చెబుతదా?" అన్నాడు. ఆయన చీకట్లో గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఆడిస్తాడు. గింజ గలగలమంటే ఎండినట్టు, మెత్తగా చప్పుడు లేకుండా ఉంటే ఇంకో రెండెండలు కావాలి. తెర మీద మంచి కాయా తాలు కాయా ఒకే తెలుపు. గుంటూరు యార్డులో బస్తా కోసి చూసే వ్యాపారి ధర కట్టేది రంగును చూసి, ఆ రంగే ఈ బొమ్మలో ఉండదు. తండ్రి మాటలో న్యాయముందని కొడుకు ఒప్పుకున్నాడు.

అసలు సంగతి ఫిబ్రవరి చివర్లో బయటపడింది.

మిరప కోతలకు కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి, ఏటా కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు, ప్రకాశం పల్లెలకు వస్తాయి. సుగ్గికి పోవడం అంటారు వాళ్లు. పిల్లలు, బియ్యం, వంట సామాను అన్నీ వెంటే. పొలం గట్టున పట్టలతో గుడిసెలు వేసుకుంటారు. వాటికి తలుపులుండవు, స్నానాల గది ఉండదు. ఆడవాళ్లు పొద్దు గూకేదాకా ఓర్చుకుంటారు. వాళ్లకున్న గోడ చీకటొక్కటే.

కళ్లానికి అవతలి గట్టున ఆ ఏడు నాలుగు గుడిసెలు పడ్డాయి. ఒకావిడ నాన్న దగ్గరికొచ్చి నిలబడి అడిగిందట: "పెద్దాయనా, ఆ చెట్టుకుండే కెమెరా సీకట్లో గూడ సూస్తాదంట గదా? మరి మేమెట్ల జేయల్ల?"

నాన్న పొద్దున్నే ఫోన్ చేశాడు. "రాత్రంతా దాంట్లో ఏం చూస్తున్నావురా?"

"కాయలు నాన్నా."

"కాయల వెనకాల?"

అతను దాచి ఉన్న వీడియోలు తెరిచాడు. తెలుపు దాటి, తెర పై అంచున, చెంబులు పట్టుకుని నడిచే మనుషులు. మూడు రాత్రులు వరసగా. కుక్కలతో, పురుగులతో కలిపి ఆ హెచ్చరికలన్నీ తనే పక్కకు తోసేశాడు. చూడలేదు, నిజమే. కానీ చూడగలిగేలా అవి అక్కడ ఉన్నాయి, ఎక్కడో ఇంకో దేశపు సర్వరులో కూడా ఉన్నాయి. కింద భోంచేస్తున్న భార్యకు చెప్పడానికి కూడా అతనికి నోరు రాలేదు. ముందు అన్నీ చెరిపేశాడు.

ఆ రాత్రి అతను చీకట్లో చూసే కెమెరాల మీద దొరికినవన్నీ చదివాడు. పడమటి దిక్కున, పెద్దదోర్నాల, యర్రగొండపాలెం దాటితే నల్లమల. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో అటవీ శాఖ ఇలాంటి కళ్లనే చెట్లకు కట్టి పులుల్ని లెక్కిస్తుంది. ఏ పులి చారలు ఆ పులివే. 2018-19 జాతీయ గణనలో దేశమంతటా 26,838 చోట్ల కెమెరాలు పెడితే మూడు కోట్ల 48 లక్షలకు పైగా చిత్రాలొచ్చాయి, అది గిన్నిస్ రికార్డు. వాటిలో పులులవి 76,651. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులికూనలు తల్లి లేకుండా దొరికినప్పుడు, తల్లి టి-108 కోసం వెతుకులాటలో కూడా ఈ కెమెరాల్నే నమ్ముకున్నారు. తల్లీబిడ్డల్ని కలపడం కుదరక కూనల్ని తిరుపతి జూకు తరలించారు. అడవిని కాపాడటంలో ఈ కెమెరా చేసిన మేలు చిన్నది కాదు.

కానీ అడవిలో తిరిగేది పులి ఒక్కటే కాదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకుడు త్రిశాంత్ సిమ్లాయ్ ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అభయారణ్యం చుట్టుపక్కల 14 నెలలు ఉండి 270 మందితో మాట్లాడారు. ఆ అధ్యయనం 2024 నవంబరులో వెలువడింది. కట్టెలకూ గడ్డికీ వెళ్లిన ఆడవాళ్లు జంతువుల కెమెరాల్లో పడ్డారు. కాలకృత్యానికి కూర్చున్న ఒకామె చిత్రం స్థానిక వాట్సాప్ గుంపుల్లో తిరిగింది. కడుపు మండిన ఊరివాళ్లు కెమెరాలు పగలగొట్టారు. ఇది చదువుతున్న కొడుకును ఎక్కువగా పట్టి ఆపింది మరో సంగతి. మృగాలు దూరంగా పోవాలని అడవిలో గొంతెత్తి పాడుకునే ఆడవాళ్లు, కెమెరా ఉందన్న భయంతో గొంతు తగ్గించారు. ప్రాణరక్షణకు పాడే పాట అది.

అతను చిన్నప్పుడు నాన్న పక్కన కళ్లంలోనే పడుకునేవాడు. మూడు బ్యాటరీల టార్చిలైటు దిండు కింద ఉండేది. టార్చి వేస్తే అవతలివాళ్లకు తెలుస్తుంది, కేకేస్తారు, పక్కకు తప్పుకుంటారు. కంటికి ఆనని దీపం ఆ అవకాశం ఇవ్వదు. ఈ రెండింటికీ ఉన్న తేడా అంతా అక్కడే ఉందని అతనికి గట్టిగా అనిపించింది, ఇప్పటికీ అదే అంటాడు.

మర్నాడే పక్కింటి కుర్రాడి చేత కెమెరాను కిందికి దింపించి, కాయల మీద తప్ప గట్టు మీద చూపు పడకుండా రేకు అడ్డం కట్టించాడు. తెర మీద ఏం కనిపిస్తుందో ఆవిడకు ఫోన్‌లో చూపించమన్నాడు. ఆమె చూసి, రేకును ఇంకో జానెడు కిందికి దించమంది. దించారు.

విదేశాల్లో ఉన్న మన వాళ్లలో చాలామంది ఇప్పుడు ఊళ్లో పొలానికీ ఇంటికీ గొడ్ల చావిడికీ ఇలాంటి కెమెరాలు పెట్టిస్తున్నారు. పెట్టించండి, తప్పులేదు. అయితే బిగించిన రోజు రాత్రే ఆ బొమ్మ అంచుల్ని ఒకసారి పరికించండి. కోతలకొచ్చినవాళ్లు ఎక్కడ పడుకుంటున్నారో మీ నాన్నను అడగండి. చీకట్లో కూడా కనపడుతుందని వాళ్లకు ముందే చెప్పించండి. వీలైతే కెమెరా కొన్న డబ్బుతో పాటు మరికొంత వేసి, గట్టున నాలుగు తడికలతో ఒక మరుగు కట్టించండి. ప్రత్తిపాడు అవతలి ఆ గట్టు మీద వచ్చే సుగ్గికి అది సిద్ధంగా ఉంటుంది. కొడుకు వెదురుకు డబ్బు పంపించేశాడు.