కాక పొలం మీద పొగమంచు

“గింత చలిల ఏడికి పోతున్నవ్‌రా? మంకీ టోపీ అన్న పెట్టుకో!”

పొద్దున నాలుగున్నర. మా అవ్వ గొంగడిలోంచి తల బయటకు పెట్టకుండానే అరిచింది. భుజాన ట్రైపాడ్, వీపున కెమెరా బ్యాగు, చేతిలో టార్చి. కోస్గి పక్కన మా ఊళ్లో ఆ టైముకు లేచేది ఇద్దరే: పాలు పితికేవాళ్లు, నాలాంటి పిచ్చోళ్లు.

నిజానికి ఆ పిచ్చి నాది కాదు, మా కాకది. ఇరవై రెండేళ్ల కింద పుణెకు పోయి, బిల్డింగు పనుల్లో మేస్త్రీ అయ్యాడు. కోస్గి, కొడంగల్, నారాయణపేట దిక్కు ఏ ఊరికి పోయినా ముంబైలోనో పుణెలోనో ఒక మనిషి లేని ఇల్లు తక్కువ. కాక వాటాకు వచ్చిన ఒకటిన్నర ఎకరం సంక్రాంతి పోయినంక రిజిస్ట్రేషన్. చెల్లె పెళ్లికి వేరే దారి లేదు. నవంబర్‌లో ఫోన్ చేసి అడిగాడు:

“నేనొస్త, సంతకం పెడ్త. కానీ పొలం దిక్కు పోను. పోతే సంతకం పెట్టబుద్ధి కాదు. నువ్వు ఒక ఫోటో తీసిపెట్టు. నా చిన్నప్పుడు చలికాలం పొద్దున ఎట్లుంటుండెనో, గట్ల.”

డిసెంబరు మూడో వారంలో నాలుగు రోజులు సెలవు దొరికింది. అంటే నాలుగు తెల్లవారుజాములు. అంతే.

మన చలి వేరు

యూట్యూబ్‌లో ‘వింటర్ ఫోటోగ్రఫీ’ అని కొడితే మంచుకొండలు, గడ్డకట్టిన సరస్సులు వస్తాయి. వాటికి చెప్పే చిట్కాలు మనకు సగమే పనికొస్తాయి. మనది పాలమూరు పీఠభూమి చలి. పగలు ఎండ బాగానే కొడుతుంది. రాత్రి ఆకాశంలో మబ్బు లేకపోతే, నేల పగలంతా తాగిన వేడి సూటిగా పైకి వెళ్లిపోతుంది. తెల్లారేసరికి పది డిగ్రీల దరిదాపుల్లోకి దిగుతుంది. చెరువు పక్కన, పల్లపు పొలాల్లో తేమ ఉంటే పొగమంచు కమ్ముకుంటుంది. గాలి వీచిందా, చెదిరిపోతుంది. కాబట్టి ముందు రోజు రాత్రి చూసుకోవాల్సినవి మూడు: మబ్బు లేకపోవడం, గాలి లేకపోవడం, నేలలో తేమ.

ఇంకో సంగతి. డిసెంబరులో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించడు. మన దగ్గర పాతిక డిగ్రీల దాకా దక్షిణానికి జరిగి వస్తాడు. ఎండాకాలంలో ఏ గుట్ట వెనక పొద్దు పొడిచిందో గుర్తుపెట్టుకుని చలికాలం అక్కడే నిలబడితే దెబ్బతింటారు. ఫోన్‌లో దిక్సూచి, సూర్యోదయం దిశ చూపించే యాప్ ఒకటి పెట్టుకుంటే చాలు. చలికాలం ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి, పొద్దెక్కిన తర్వాత కూడా గట్లకు, రాళ్లకు నీడలు పొడుగ్గానే ఉంటాయి. వేసవిలో ఎనిమిదికే చప్పబడిపోయే వెలుతురు, ఇప్పుడు తొమ్మిది దాకా పనికొస్తుంది.

మొదటి రోజు: మంచు కాదు, మసక

ఐదుకల్లా కాక పొలం గట్టు మీద ట్రైపాడ్ పెట్టేశా. ఆకాశం నిండా చుక్కలు. ముందు నక్షత్రాల ఫోటోలు తీద్దామని మొదలుపెట్టా. ఆరున్నర అయింది, తూర్పు ఎర్రబడింది. స్క్రీన్ మీద చూస్తే ఫ్రేమంతా తెల్లగా, కలలోలాగా ఉంది. ‘ఆహా, పొగమంచు భలే పడింది’ అనుకుంటూ గంటసేపు టపటపా కొట్టా.

తలెత్తి చూస్తే పొలంలో మంచు లేదు. మంచంతా నా లెన్సు మీదే ఉంది.

జరిగింది ఇది. తేటగా ఉన్న ఆకాశం కింద గంటన్నర నిలబడిన లెన్సు గాజు, చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువ చల్లబడింది. గడ్డి మీద పడ్డట్టే దాని మీదా మంచు బిందువులు పడ్డాయి. నేను పెద్ద తెలివిగా నోటితో ఊది తుడిచా. ఊదితే ఇంకా తేమ. ఒక రోజు పోయింది.

ఇంటికొచ్చి ఇంకో తప్పు చేశా. చల్లటి కెమెరాను తీసుకెళ్లి నేరుగా పొయ్యి పక్కన పెట్టా. అవ్వ అన్నం వండుతోంది, ఇంట్లో అంతా వెచ్చటి ఆవిరి. ఈసారి లెన్సు లోపల కూడా మసక. బయటి నుంచి వచ్చినప్పుడు కెమెరాను గాలి చొరబడని కవర్‌లో పెట్టి మూసి, అరగంట అట్లే వదిలేయాలి. అప్పుడు తేమ కవర్ మీద పడుతుంది, కెమెరా మీద పడదు. బ్యాగులో రెండు సిలికా జెల్ పొట్లాలు ఉంటే ఇంకా మంచిది. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చేవి పారేయకండి.

అవ్వ కాపడం

లెన్సు చల్లబడకుండా చుట్టే హీటర్ బెల్టులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నా దగ్గర లేదు. సంగతి చెబితే అవ్వ నవ్వింది.

“నీ కెమెరాకు సలి వెట్టిందా? కాపడం పెట్టు మరి.”

పిడికెడు జొన్నలు పెనం మీద వేయించి, నా పాత సాక్సులో పోసి ముడేసింది. చేతికి ఓర్చుకునేంత వేడి, అంతకు మించొద్దు. దాన్ని లెన్సు చుట్టూ రబ్బరు బ్యాండుతో కట్టుకున్నా. అరగంటకు పైగా వెచ్చగా ఉంది, లెన్సు తేటగా ఉంది. రెండో సాక్సు స్వెటర్ లోపల పెట్టుకున్నా, స్పేర్ బ్యాటరీతో పాటు. చలికి లిథియం బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది. మన చలికి కొత్త బ్యాటరీ చావదు కానీ, పాతది నలభై శాతం చూపిస్తూనే టక్కున ఆగిపోవచ్చు. జేబులో ఒంటి వేడికి ఉంచితే కాస్త ఓపిక పడుతుంది.

రెండో రోజు అన్నీ సిద్ధం. గాలి వీచింది. పొగమంచు లేదు.

మూడో రోజు: నిలువురాళ్లు

మూడో రోజూ గాలే ఉంటుందని యాప్ చెప్పింది. అందుకని తమ్ముడి బండి మీద రాత్రే బయలుదేరి, నారాయణపేట, మక్తల్ దాటి కృష్ణా ఒడ్డున ఉన్న ముడుమాల్ పోయా. మన జిల్లాలోనే ఉన్నా నేను చూసింది అదే మొదటిసారి. పది, పన్నెండు అడుగుల రాళ్లు నిటారుగా పాతి ఉన్నాయి. ఇనుపయుగం నాటి మనుషులు నిలబెట్టినవి. కొన్ని వరుసలు ఆయనాంతాల రోజుల్లో సూర్యుడి ఉదయాస్తమయాలకు సరిపోతాయని పరిశోధకులు చెప్పారు. ఒక రాతి మీద సప్తర్షి మండలాన్ని పోలిన గుంటలున్నాయి. 2025లో ఇది యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. ఊరివాళ్లకు మాత్రం ఎప్పటినుంచో నిలువురాళ్ల తిమ్మప్ప.

రాళ్ల మధ్యలోంచి పొద్దు పొడుస్తుంటే చలి మరిచిపోయా. అక్కడ ఒక్కటే మాట: రాళ్లెక్కొద్దు, ఆనుకోవద్దు, రీలు కోసం డ్యాన్సులొద్దు. అన్ని వేల చలికాలాలు నిలబడ్డవి మన ఒక్క వీడియోకు కూలిపోవద్దు.

తిరిగొస్తూ ఒక సంగతి తట్టింది. మహబూబ్‌నగర్‌కు పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్. ఆ కాలంలో గాజు పలకలు, బరువైన కెమెరాలు మోసుకుంటూ తిరిగేవాళ్లు. ఆయన తీసిన కోటలు, ఊళ్లు ఇప్పుడు చాలావరకు అట్లా లేవు. ఫోటోలున్నాయి.

మా నేల కూడా మారబోతోంది. 2024 ఫిబ్రవరిలో నారాయణపేట–కొడంగల్ ఎత్తిపోతలకు కోస్గిలోనే శంకుస్థాపన జరిగింది. ఆ నీళ్లొస్తే ఈ కంది, జొన్న చేన్లలో చాలా వరకు వరి మళ్లవుతాయి. రావాల్సిందే. నీళ్లు లేకనే కదా కాక పుణె పోయింది! కానీ ఎండిన కంది కట్టెల మీద పొద్దు పడితే వచ్చే ఆ రాగి రంగు మళ్లీ కనబడకపోవచ్చు. అందుకే ఇప్పుడే తీసిపెట్టుకోవాలి.

కెమెరా లేకపోతే?

చాలామంది చేతిలో ఉండేది ఫోనే. చాలు.

ముందు లెన్సు తుడవండి. వేలిముద్ర, పొగమంచు కలిస్తే ఏదీ కనబడదు. మంచును చూసి ఫోన్ ‘వెలుతురు ఎక్కువైంది’ అనుకుని ఫోటోను బూడిదరంగు చేస్తుంది. స్క్రీన్ మీద తాకి, సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపండి. తెలుపు తెల్లగా వస్తుంది. మంచులో ఫోకస్ తడబడుతుంది కాబట్టి, చెట్టు మొదలు లాంటి స్పష్టమైన అంచు మీద వేలు నొక్కిపట్టి లాక్ చేయండి. వైడ్ లెన్సు కంటే రెండు, మూడు రెట్ల జూమ్ లెన్సు బాగుంటుంది. ఒకదాని వెనక ఒకటి గట్లు, చెట్లు పొరలు పొరలుగా పడతాయి. చిన్న ట్రైపాడ్ ఉంటే రెండు సెకన్ల టైమర్ పెట్టండి. చలికి వేలు వణికినా ఫోటో వణకదు. ప్రో మోడ్‌లో రా ఫైల్ ఉంటే ఆన్ చేయండి, తర్వాత రంగులు సరిచేసుకోవచ్చు. వేళ్లు బయటకుండే చేతిగ్లౌజులు సంతలో తక్కువ ధరకే దొరుకుతాయి.

సూర్యుడు కనబడగానే బ్యాగు సర్దేయకండి. చాలాసార్లు అప్పుడే చలి ఇంకా పెరిగి, మంచు చిక్కబడుతుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది: చీకట్లో తెలియని చేన్లలో దిగొద్దు. అడవిపందులకని కొందరు తీగలు కట్టి కరెంటు పెడతారు. అది నేరం, అయినా పెడతారు. మనుషులు చచ్చిపోయారు. గోడల్లేని బావులుంటాయి. రైతును ముందురోజే కలిసి అడగండి, బాట మీదే ఉండండి, స్క్రీన్ చూస్తూ నడవొద్దు.

నాలుగో రోజు

గాలి లేదు. మబ్బు లేదు. ఆరుంబావుకు చెరువు మీంచి తెల్లగా లేచి, గట్టు దాటి, మెల్లగా కాక పొలంలోకి వచ్చింది. కోసి పేర్చిన కంది కట్టెలు సగం మునిగాయి. పక్క చేను పెద్దనాయన చలిమంట వేశాడు. “తీసుకోనా?” అని అడిగితే, “ముసలోని ఫోటో ఎందుకురా, పొగను తీస్కో” అన్నాడు. రెండూ తీశా.

ఏడుంబావుకు బ్యాటరీ మార్చా. ఏడున్నరకు అంతా కరిగిపోయింది. నూట అరవై ఫోటోలు. అందులో మూడు నిజంగా బాగున్నాయి: మంచులో ఎర్రటి పొద్దు, పొగలో పెద్దనాయన, మంచు బిందువులతో సాలెగూడు. వాటిని కాకకు వాట్సాప్ చేశా. చివర్లో, ఏ కళా లేని ఒక ఫోటో కూడా పంపా. పొలం నాలుగు హద్దులూ, మూలన వేపచెట్టు కనబడేట్టు, ఫోన్‌తో తీసింది.

నీలి టిక్కులు పడ్డాయి. రెండు గంటలు జవాబు లేదు. తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల కాంక్రీట్ మిక్సర్ చప్పుడు.

“గా యాపచెట్టు గింత పెద్దగైందారా? నేను పోయేటప్పుడు నా నడుమంత ఉండె.”

ఆ చివరి ఫోటోనే పెద్దసైజులో ప్రింట్ వేయించా. సంక్రాంతి తర్వాత కాక వచ్చాడు, సంతకం పెట్టాడు, అన్నట్టే పొలం దిక్కు పోలేదు. పోయేటప్పుడు ప్రింటును అవ్వ పాత చీరలో చుట్టుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకున్నాడు.

వెళ్లాలంటే: కోస్గి హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లకు కాస్త పైన. చేవెళ్ల, పరిగి, కొడంగల్ మీదుగా రావచ్చు. దారిలో చేవెళ్ల మర్రిచెట్లు వాటికవే ఒక ఫోటో. మహబూబ్‌నగర్ నుంచి కూడా బస్సులున్నాయి. డిసెంబరు, జనవరి మంచి కాలం. ముందురోజు సాయంత్రమే చేరుకుని, తీయాల్సిన చోటు వెలుతురులో చూసిపెట్టుకోండి. స్వెటర్, టార్చి, జిప్ కవర్, స్పేర్ బ్యాటరీ మరవొద్దు. వీలైతే పిడికెడు జొన్నలు కూడా.