మూతి నుంచే దట్టించాలి

ఉత్తర ఇటలీలో బ్రెషియా దాటి మెల్లా నది వెంట ఎగువకు వెళితే గార్డోనే వాల్ ట్రోంపియా. తుపాకులే ఈ లోయకు బతుకుతెరువు. 1526లోనే బార్తొలొమియో బెరెట్టా వెనిస్ ఆయుధాగారానికి 185 గొట్టాలు అమ్మాడు. విచిత్రమేమిటంటే, ఇదే ఊళ్లో 1957లో పుట్టిన పెడెర్సోలీ సంస్థ ఒకటిన్నర శతాబ్దాల కిందటి జోడు గొట్టాల తుపాకీకి నకళ్లు చేస్తోంది. ఉక్కు కొత్తది, పద్ధతి పాతది. మూతి నుంచి మందు పోసి, బిరడా దూర్చి, సీసం గుండ్లు వేసి, పైన అట్టముక్క అదమాలి. మన నాటు తుపాకీ చూసినవారికి ఈ తంతు కొత్తేం కాదు.

చిక్కంతా రెండో గొట్టంతోనే. ఒకటి పేల్చి మళ్లీ నింపేముందు, పేలని గొట్టం క్యాప్ తీసేయాలి. మరిచారా, కడ్డీ పట్టిన చేతికి ముప్పే. మొదటి పేలుడు కుదుపుకి రెండోదానిలో గుండ్లు ముందుకు జారొచ్చు కూడా.

అంతకుమించిన తలనొప్పి చట్టం. 2023 ఫిబ్రవరి నుంచి యూరోపియన్ యూనియన్‌లో చిత్తడి నేలల్లో, వాటికి 100 మీటర్ల లోపు సీసం గుండ్లు కాల్చకూడదు. అవి మింగిన బాతులు విషమెక్కి చస్తున్నాయి మరి; నిషేధం న్యాయమే. ఉక్కు గుండ్లు వాడదామంటే గొట్టం లోపలి గోడను గీరేస్తాయి, ప్లాస్టిక్ కప్పు తొడగాలి. మెత్తని బిస్మత్ ఉంది గానీ ధర మంట. సీసమే కావాలంటే బాతుల మడుగు వదిలి, ఎగిరే మట్టి పళ్లేల మీద గురి చూసుకోవాలి.