నాలుగు వందల గజాలు



పోయిన నెల మేము హైదరాబాదు వెళ్లి వచ్చాము. మన సండే స్కూల్లో పెరిగిన ఒక బాబు మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడని మీకు తెలుసు. వాళ్లమ్మ ఇచ్చిన మామిడికాయ తొక్కు సీసా సంచిలో పెట్టుకుని, ఎంజీబీఎస్‌లో బస్సు దిగి, అమీర్‌పేటలో మెట్రో మారి, హైటెక్ సిటీ స్టేషన్లో దిగాము. 1998లో ప్రధాని వాజపేయి గారు ప్రారంభించిన సైబర్ టవర్స్ అక్కడికి దగ్గరే. ఆ గుండ్రని భవనం ఒకప్పుడు అందరూ చూడటానికి వచ్చేది. ఇప్పుడు దాని చుట్టూ లేచిన అద్దాల మేడల మధ్య చిన్నగా కనిపించింది.

టీ తాగుతూ, "ఇంతకీ నీ పనేంటి బాబూ?" అని అడిగాము.

"ఆలస్యం తగ్గించడం అయ్యగారూ" అన్నాడు.

మాకు నవ్వొచ్చింది. దానికీ జీతం ఇస్తారా అన్నాము. అతను ఓపికగా చెప్పాడు. మనం ఫోన్లో పంపే మాట చిన్న చిన్న ముక్కలై, గాజు తీగలో వెలుగుగా ప్రయాణిస్తుందట. ఆ ముక్కలను ప్యాకెట్లు అంటారు. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అమెరికా తూర్పు తీరం ఇక్కడికి దాదాపు 13 వేల కిలోమీటర్లు. తీగ తిన్నగా వేసినా, మాట పోయి జవాబు రావడానికి సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది. దేవుడు వెలుగుకు పెట్టిన హద్దు అది, ఏ ఇంజనీరూ దాటలేడు. అందుకే కంపెనీలు కంప్యూటర్లనే జనం దగ్గరికి తెస్తున్నాయి. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులో తన డేటా కేంద్రాలు తెరిచింది.

"కానీ అయ్యగారూ, దూరం వల్ల అయ్యే ఆలస్యం ఎంతో ముందే తెలుస్తుంది. ఏడిపించేది క్యూ" అన్నాడు.

దారిలో ప్రతి కూడలిలో రౌటర్ అనే యంత్రం ఉంటుంది. తీగ పట్టేదానికన్నా ఎక్కువ ప్యాకెట్లు వస్తే అవి అక్కడ వరుసలో నిలబడతాయి. 1986లో అమెరికాలోని బర్కిలీలో జరిగింది చెప్పాడు. ఒక ప్రయోగశాలకూ పక్కనున్న యూనివర్సిటీకీ మధ్య దూరం 400 గజాలే. సెకనుకు 32 వేల బిట్లు పోవాల్సిన ఆ దారిలో ఉన్నట్టుండి 40 బిట్లే పోయాయట. జవాబు రాకపోయేసరికి పంపినవాళ్లు పంపిందే మళ్లీ పంపారు. దారంతా ఆ మళ్లీ పంపినవాటితోనే నిండిపోయింది. వాన్ జాకబ్సన్ అనే ఆయన 1988లో దానికి మందు రాశాడు. కొత్త తీగ వేయమనలేదు. మెల్లగా మొదలుపెట్టు, 'అందింది' అని కబురు వచ్చేకొద్దీ పెంచు, రాకపోతే తగ్గు అన్నాడు. తర్వాత 2012లో ఆయనే మరొకరితో కలిసి ఇంకో పద్ధతి చెప్పాడు. వరుసలో ఎన్ని ఉన్నాయని చూడొద్దు, ఒక్కొక్కటి ఎంతసేపటి నుంచి నిలబడిందో చూడు అని.

నాలుగు వందల గజాలు అన్న మాట దగ్గరే మాకు టీ గొంతు దిగలేదు.

బోరింగు పక్క సందులో ఉండే తాత మీకు గుర్తున్నాడు కదా. మా ఇంటి నుంచి ఆయన ఇంటికి అంత దూరం కూడా ఉండదు. పోయిన ఎండాకాలం ఒక మంగళవారం పక్కింటి పాప వచ్చి, "తాత ఒకసారి రమ్మంటున్నాడు అయ్యగారూ" అంది. ఆ వారం మాకు రెండు పెళ్లిళ్లు, సభల ఏర్పాట్లు, మందిరం పైకప్పు రేకుల పని. ఆదివారం ఆరాధన అయ్యాక వస్తామన్నాము. బుధవారం మళ్లీ వచ్చింది. గురువారం మళ్లీ వచ్చింది. "చెప్పాం కదమ్మా" అని కొంచెం విసుక్కున్నాము. శనివారం తెల్లవారకముందే తాత ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. ఏం చెప్పాలనుకున్నాడో మాకు ఇప్పటికీ తెలియదు.

సమాధి దగ్గర మేము లాజరు సంగతి చెప్పాము. ప్రభువు కూడా రెండు రోజులు ఆగి వెళ్లాడని, ఆయన ఆలస్యంలోనూ ప్రేమ ఉందని చెప్పాము. మీరు ఆదరణ పొందామన్నారు. మాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ప్రభువు ఎరిగి ఆగాడు. మేము నిండిపోయి ఆగిపోయాము. ఆయన ఆలస్యాన్ని మా ఆలస్యానికి కప్పుకున్నాము. ఆ పాప మూడుసార్లు వచ్చింది మమ్మల్ని విసిగించడానికి కాదు, 'అందింది' అన్న జవాబు మా దగ్గర నుంచి వెళ్లకపోవడం వల్ల.

ఇదంతా ఆ బాబుకు చెప్పాము. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మేము లేచే ముందు ఫోన్ తీసి వాళ్లమ్మకు చేశాడు. "తొక్కు అందిందమ్మా" అన్నాడు. అవతల ఆమె నవ్వు మాకు వినిపించింది.

ఇంటికి వచ్చాక తలుపు పక్కన ఒక నోటుబుక్కు వేలాడదీశాము. ఎవరు పిలిచారన్నదే కాదు, ఏ రోజు ఏ పూట పిలిచారో కూడా రాస్తున్నాము. ఎక్కువసేపటి నుంచి ఎదురుచూస్తున్నవారి ఇంటికే ముందు వెళ్తాము. ఈ ఏడాది రెండు ఊళ్ల సభలకు రాలేమని చెప్పేశాము. దానికి కొందరు నొచ్చుకున్నారు, క్షమించండి.

కబురు పెట్టండి. సాయంత్రానికి మేము రాకపోతే పిల్లల్ని మళ్లీ పంపండి. ఈసారి విసుక్కోము.